సాల్ట్ హే మల్చింగ్: మట్టిలో ఉప్పు చేరుతుందా?

పెరటిమడి (సెంట్రల్ న్యూజెర్సీ)

అందరికీ నమస్తే. మా పెరట్లో నాలుగు రెయిజ్డ్ బెడ్స్ ఉన్నాయి. మూడింట్లో టమాటా, వంకాయ, బెండ వేస్తాను. నాలుగో దాంట్లో స్ట్రాబెర్రీ. పోయినేడు మల్చింగ్‌కి, అంటే మొక్కల చుట్టూ మట్టి మీద కప్పుగా, గోధుమ స్ట్రా (గింజ తీశాక మిగిలే ఎండు కాడలు) పరిచాను. జూన్ వచ్చేసరికి మడుల నిండా గోధుమ మొలకలే. టమాటా కంటే అవే ఏపుగా పెరిగాయి. వేసవంతా పీకుతూనే ఉన్నాను.

ఈసారి నర్సరీకి వెళ్తే "సాల్ట్ హే" అని బేల్స్ (ఎండుగడ్డి కట్టలు) పెట్టారు. స్ట్రా ధరకి దాదాపు రెట్టింపు. సముద్రం పక్క చిత్తడి నేలల్లో పెరిగే గడ్డి అనీ, కలుపు రాదనీ అక్కడి అబ్బాయి చెప్పాడు. కలుపు రాదంటే సంతోషమే. కానీ ఉప్పునీళ్లలో పెరిగిన గడ్డిని తెచ్చి మొక్కల మొదళ్లలో పరిస్తే ఆ ఉప్పంతా మట్టిలోకి దిగదా? "డబ్బులిచ్చి మరీ ఉప్పు చల్లుకుంటావా" అని మా ఆయన ఒకటే నవ్వు. ఎవరైనా వాడి చూశారా? అంత డబ్బు పెట్టడం దండగేనా?

---

బీరపాదు

మేం ఎప్పుడూ కొనలేదండీ. శరదృతువులో రాలిన ఆకుల మీద లాన్ మూవర్ నడిపి, ఆ ముక్కల్నే పరిచేస్తాం. పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట. మాకు దగ్గర్లో బే ఒడ్డున ఎండిన గడ్డి కాడలు కుప్పలుగా కొట్టుకొచ్చి పడుంటాయి. మీరు చెప్పే సాల్ట్ హే అదే అయితే, కొనడమెందుకు? రెండు సంచులు పట్టుకెళ్తే పోలేదా?

---

కంబర్లాండ్ పిన్ని

పెరటిమడి గారూ, ఉప్పు గురించి టెన్షన్ పడకండి. బీరపాదు గారూ, మీరు మాత్రం ఆ సంచులు కింద పెట్టేయండి. మీ సంగతి చివర్లో చెబుతాను.

మేముండేది న్యూజెర్సీ దక్షిణాన కంబర్లాండ్ కౌంటీలో, మారిస్ నది డెలావేర్ బేలో కలిసే వైపు. ఈ గడ్డి కోసేవాళ్ల ట్రాక్టర్లు మా రోడ్డు మీదే పోతుంటాయి. నా వెల్లుల్లికీ స్ట్రాబెర్రీకీ ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

సాల్ట్ హేలో ముఖ్యమైన గడ్డి పేరు స్పార్టినా పేటెన్స్. ఈమధ్య శాస్త్రవేత్తలు దాన్ని స్పోరోబోలస్ ప్రజాతిలోకి మార్చారు, కోసేవాళ్లెవరికీ ఆ సంగతి పట్టలేదు. ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి అదే వేళ్ల మీద చిగురించే రకం. కెనడా తూర్పు తీరం నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా ఇది దీని సొంత నేల. ఇది పెరిగే చోటేదో తెలిస్తే మీ ఉప్పు సందేహం సగం తీరిపోతుంది. రోజుకి రెండుసార్లు పోటుకి మునిగే పల్లపు బురదలో ఉండేది వేరే గడ్డి, స్పార్టినా ఆల్టర్నిఫ్లోరా. అది మనిషెత్తు కూడా పెరుగుతుంది, కాడ లావు. మన పేటెన్స్ దానికంటే కొంచెం ఎగువన ఉంటుంది. పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటు వచ్చినప్పుడో, తుపాను గాలి నీళ్లని లోపలికి తోసినప్పుడో తప్ప అది మునగదు. మిగతా రోజుల్లో ఆకు మీద పడేది వాన, మంచు.

పైగా ఈ గడ్డి ఉప్పుని ఒంట్లో దాచుకోదు. చాలావరకు వేళ్ల దగ్గరే ఆపేస్తుంది. లోపలికి వచ్చినదాన్ని ఆకు మీదుండే సన్నని గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది. అది ఆకు మీదే పేరుకుని, వాన పడితే కడుక్కుపోతుంది. ఆ గడ్డిని కోసి, ఎండబెట్టి, బేల్ కట్టి అమ్ముతారు. అందులో మిగిలే ఉప్పు ఎంతని! మూడు నాలుగు అంగుళాల మందం పరిచినా మన కూరగాయ మొక్కలకి తగిలేంత ఉండదు. మన జెర్సీలో వానలకేం తక్కువ లేదు, ఉన్న కాస్తా వాటితో దిగి కిందకి పోతుంది. ఇంకా మనసు ఒప్పకపోతే బేల్ విప్పి రెండు వానలకి బయట పడేసి, ఆ తర్వాత పరవండి. అదీ చాలదంటే రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కి మట్టి పంపుతూ, కరిగే లవణాల పరీక్ష కూడా చేయమనండి. నాకైతే ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

అసలు మీరు రెట్టింపు డబ్బు పెడుతున్నది దేనికో చెబుతాను. ఒకటి, కలుపు. స్ట్రాలో గోధుమ గింజలు మిగిలిపోతాయి. మామూలు ఎండుగడ్డిలో అయితే పొలంలో ఉన్న కలుపు విత్తనాలన్నీ వచ్చేస్తాయి. సాల్ట్ హే వచ్చేది ఉప్పు చిత్తడి నుంచి. దాంతోపాటు వచ్చే విత్తనాలు కూడా ఆ చిత్తడివే, మన పెరటి మట్టిలో అవి నిలదొక్కుకోవు. ఒక్క మొలకా రాదని నేను ప్రమాణం చెయ్యను కానీ, మీరు పోయినేడు పడ్డ పాట్లు మాత్రం ఉండవు.

ఇంకోటి, కాడ గట్టితనం. సన్నగా తీగలా ఉంటుంది, తొందరగా కుళ్లదు. తడిసినా ఒకదానికొకటి అతుక్కుని చాపలా బిగుసుకుపోదు, గాలీ నీళ్లూ లోపలికి దిగుతాయి. సీజన్ అయ్యాక ఫోర్కుతో ఎత్తి, దులిపి, పక్కన పోగేసి మళ్లీ ఏడాది వాడుకోవచ్చు. అలా లెక్కేస్తే ధర మరీ అన్యాయమేం కాదు.

ఇదే గుణం ఒక విషయంలో మీకు ఎదురు తిరుగుతుంది. మట్టికి బలమిచ్చే మల్చ్ కావాలంటే ఇది పనికిరాదు. కుళ్లనిది ఎరువెలా అవుతుంది? సీజన్ అయిపోయింది కదా అని మట్టిలో తిప్పి కలిపేయకండి. కుళ్లించే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని వాడేసుకుంటాయి, వచ్చే పంట పసుపెక్కుతుంది. మట్టి బాగుపడాలంటే బీరపాదు గారి ఆకుల పద్ధతే మేలు. నేను కంపోస్టు కింద వేసి, దాని మీద సాల్ట్ హే పరుస్తాను.

ఎప్పుడు పరవాలన్నది కూడా చూసుకోండి. టమాటా, వంకాయ, బెండ వేడి కోరే మొక్కలు. మట్టి చల్లగా ఉండగానే కప్పేస్తే అవి ముడుచుకుని కూర్చుంటాయి. నేల బాగా వెచ్చబడ్డాక, జూన్ మొదట్లో పరిస్తే సరి. మొదలుకి ఆనించకుండా కొంచెం ఖాళీ వదలండి. స్ట్రాబెర్రీకి లెక్క వేరు. గట్టి మంచు కొన్నిసార్లు పడి, మొక్క నిద్రలోకి వెళ్లాక చలికాలానికి కప్పాలి. వసంతంలో కొత్త ఆకు కనబడగానే పైనున్నది తీసి వరసల మధ్యకి జరపండి, కాయ మట్టికి అంటకుండా ఉంటుంది. వెల్లుల్లికి మాత్రం అక్టోబరులో నాటాక మొదటి చలులకే పరిచేస్తాను. మా వైపు దీన్ని వాడడం మొదలైందే స్ట్రాబెర్రీ రైతులతో అని పెద్దవాళ్లు చెబుతుంటారు.

కొనేముందు బేల్‌లోంచి ఒక గుప్పెడు లాగి చూడండి. కాడలు సన్నగా, ఆకులు అంచులు లోపలికి చుట్టుకుని దారాల్లా, రంగు బూడిద కలిసిన గోధుమగా ఉండాలి. బోలుగా, బంగారు రంగులో మెరుస్తుంటే అది స్ట్రా. లావుపాటి వెదురు పుల్లల్లాంటి ముక్కలూ, కుచ్చులూ కనిపిస్తే అందులో ఫ్రాగ్మైటిస్ రెల్లు కలిసింది, ఆ బేల్ వద్దు. నల్లటి చిన్న కాయలున్న కాడలు కొన్ని కనిపిస్తే కంగారుపడకండి, అది బ్లాక్ గ్రాస్, చిత్తడిలో దీని పక్కనే పెరుగుతుంది, దాంతో ఏ నష్టమూ లేదు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది, కలుపు మందు. కొన్ని పొలాల్లో వెడల్పాకు కలుపు చావడానికి చల్లే మందులు ఎండుగడ్డిలో నెలల తరబడి నిలిచి ఉంటాయి. అలాంటి గడ్డి పరిస్తే టమాటా, చిక్కుడు ఆకులు మెలికలు తిరిగి మొక్క పాడవుతుంది. ఉప్పు కంటే నాకు దీని భయమే ఎక్కువ. సాల్ట్ హే నేలల్లో మామూలుగా ఆ మందు కొట్టే అవసరం రాదు. ఏ గడ్డి మీదైనా అనుమానం ఉంటే ఒక కుండీలో దాన్ని కలిపి నాలుగు చిక్కుడు గింజలు వేసి చూడండి, రెండు మూడు వారాల్లో తేలిపోతుంది.

ఇక బీరపాదు గారూ. ఒడ్డుకి కొట్టుకొచ్చేది ఎక్కువగా ఆ పల్లపు గడ్డి, ఆల్టర్నిఫ్లోరా కాడలు. రోజూ ఉప్పునీళ్లలో నానినవి. అందులో ప్లాస్టిక్ ముక్కలుంటాయి, రెల్లు విత్తనాలుంటాయి. సాల్ట్ హే సంగతిలో నేను లేదన్న ఉప్పు దీనికి బాగానే ఉంటుంది. అంతేకాదు, ఆ కుప్పల కింద చిన్న పురుగులూ పీతలూ బతుకుతాయి, వాటి కోసం పక్షులు వస్తాయి. తీర చిత్తడి నేలలకి ఈ రాష్ట్రంలో 1970 నుంచే చట్టం ఉంది. ఎవరి నేలో, ఏ అనుమతి కావాలో తెలియకుండా అక్కడి నుంచి ఏదీ ఎత్తుకు రాకండి. మీ ఆకులు మీకు బంగారం, వాటితోనే ఉండండి.

---

కొత్తపార

పిన్నిగారూ, చాలా విషయాలు తెలిశాయి. ఒక సందేహం. చిత్తడి నేలలు కాపాడాలని అందరూ అంటుంటే, అక్కడి గడ్డి కోసుకొచ్చి మనం మడుల్లో పరవడం తప్పు కాదా? చట్టం ఉందన్నారు, మరి వీళ్లు ఎలా కోస్తున్నారు?

---

కంబర్లాండ్ పిన్ని

మంచి ప్రశ్న బాబూ. నేనూ దీని గురించి చాలా ఆలోచించాను. "తప్పు", "తప్పు కాదు" అని ఒక్క ముక్కలో తేలేది కాదు.

ముందు చట్టం సంగతి. న్యూజెర్సీ 1970 చట్టంలోనే, అప్పటికే వ్యాపారంగా సాగుతున్న సాల్ట్ హే కోత కొనసాగవచ్చని మినహాయింపు ఉంది. ఎందుకంటే ఇది చట్టం కంటే చాలా పాతది. 1600ల్లో మసాచుసెట్స్ తీరానికి వచ్చి స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్లకి అడవి నరికి పచ్చిక పెంచే ఓపికా తీరికా లేవు, పశువులేమో ఆకలితో ఉన్నాయి. ఎవరూ నాటకుండానే ఎకరాలకొద్దీ ఎదురుగా ఉన్న గడ్డి ఇదే. ఇప్స్‌విచ్, రౌలీ, న్యూబరీ ఊళ్ల పక్కనున్న గ్రేట్ మార్ష్‌లో పోటు నీళ్లకి తడవకుండా గుంజలు పాతి వాటి మీద వాములు వేసేవాళ్లు. ఆ గుంజల్ని స్టాడిల్స్ అంటారు, కొన్ని మొదళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. బురదలో దిగబడకుండా గుర్రాల కాళ్లకి వెడల్పాటి చెక్క చెప్పులు కట్టేవాళ్లు. మార్టిన్ జాన్సన్ హీడ్ అనే చిత్రకారుడు ఈ వాముల్ని వందకు పైగా బొమ్మల్లో గీశాడు. బాస్టన్ మ్యూజియంలో చూస్తుంటే, వీళ్ల వాముల కన్నా మనవాళ్లు వేసేవే కుదురుగా ఉంటాయనిపించింది!

మా వైపు ఆ గడ్డి వాడకం ఇంకో దారి పట్టింది. మిల్‌విల్ చుట్టుపక్కల గాజు ఫ్యాక్టరీలు ఎక్కువ. సీసాలు పగలకుండా పెట్టెల్లో కుక్కేది దీన్నే. తాళ్లుగా పేని ఇనప పైపులు పోసే ఫౌండ్రీలకి పంపేవాళ్లు. చలికాలం ఇంటి పునాది చుట్టూ కూడా పేర్చేవాళ్లు. ఈ గడ్డి కోసమే డెలావేర్ బే ఒడ్డున వేల ఎకరాలకి మట్టి కట్టలు వేసి, పోటు లోపలికి రాకుండా తూములు పెట్టారు. చిత్తడికి అసలు దెబ్బ తగిలింది అక్కడ. పోటు రాకపోతే చేపలు లోపలికి రావు, బురద మేట వేయదు, నేల కుంగిపోతుంది. 1990లలో న్యూజెర్సీలోని సేలం అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ నీళ్లతో చేపలు పోతున్నాయన్న వివాదం నడిచింది. చివరికి కొత్త కూలింగ్ టవర్ల బదులు కంపెనీ చిత్తడి నేలలు బాగుచేసే ఒప్పందం కుదిరింది. అందులో భాగంగా డెన్నిస్, కమర్షియల్, మారిస్ రివర్ టౌన్‌షిప్‌ల పాత సాల్ట్ హే పొలాల కట్టలు తెగ్గొట్టారు. ఇప్పుడక్కడ మళ్లీ పోటు వస్తోంది.

కాబట్టి నా లెక్క ఇది. కట్టలు వేసి నీళ్లు ఆపడం ఒకటి, తెరిచి ఉన్న ఎగువ చిత్తడిలో ఏడాదికోసారి పైపైన కోసుకోవడం ఒకటి. రెండోదాన్ని ఈ గడ్డి తట్టుకుంటుంది. వేళ్లూ, నేల కింద పాకే కాండాలూ ఎక్కడివక్కడే ఉంటాయి, మళ్లీ వసంతంలో చిగురిస్తుంది. న్యూ ఇంగ్లండ్ చిత్తడి నేలల కింద అడుగుల మందాన పేరుకున్న పీట్‌లో (పూర్తిగా కుళ్లని మొక్కల పొరలో) చాలా భాగం ఈ వేళ్లే.

కానీ ఎప్పుడు కోస్తున్నారన్నది మాత్రం అడగాలి. సాల్ట్‌మార్ష్ స్పారో అని ఒక చిన్న పిచ్చుక ఉంది. గూడు కట్టేది ఈ ఎగువ చిత్తడి గడ్డిలోనే. పేటెన్స్ కాడ అడుగున బలహీనంగా ఉండి గాలికీ నీళ్లకీ పడిపోతుంది, పైనుంచి చూస్తే సుడి తిరిగిన జుట్టులా ఉంటుంది. ఆ పడిపోయిన గడ్డి కింద, నేలకి కొన్ని అంగుళాల ఎత్తులో గూడు. నెలలో అన్నిటికంటే పెద్ద పోటుకీ, మళ్లీ అలాంటి పోటుకీ మధ్య దొరికే నాలుగు వారాల లోపే గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లని గూడు దాటించాలి. సముద్రం పెరుగుతున్న కొద్దీ ఆ గడువు తగ్గిపోతోంది. అట్లాంటిక్ సిటీ కొలతల ప్రకారం 1911 నుంచి నీటి మట్టం సగటున ఏటా 4 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది. 1998 నుంచి 2012 మధ్య ఈ పిచ్చుకలు ఏటా 9 శాతం చొప్పున తగ్గాయి. మేలో మొదలై ఆగస్టు దాకా గూళ్ల కాలం. ఆ తర్వాత కోసిన గడ్డి అయితే నాకు అభ్యంతరం లేదు. అమ్మేవాళ్లని "ఇది ఎప్పుడు కోశారు, ఎక్కడిది" అని అడగండి. కోసినవాళ్ల దగ్గరే కొన్నవాళ్లయితే ఠక్కున చెబుతారు. నసిగితే నేనైతే వేరే చోట చూసుకుంటాను.

సముద్రం పెరగడం గడ్డికీ గండమే. ఎక్కువసార్లు మునిగితే పేటెన్స్ వేళ్లకి ఊపిరాడదు, ఆ చోటుని పల్లపు గడ్డి ఆక్రమిస్తుంది. పేటెన్స్ ఎగువకి జరుగుదామంటే అక్కడ రోడ్లూ గోడలూ మన ఇళ్లూ అడ్డం.

---

సియాటిల్ చినుకు

ఈ చర్చ చదివాక నాకూ ఆశ పుట్టింది. మా ఇల్లు ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ దగ్గరే. ఈ గడ్డి మొక్కల్ని తూర్పు తీరపు నర్సరీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాయి. తెప్పించి నాటుకుంటే మల్చ్ ఇంట్లోనే తయారవుతుంది కదా!

---

కంబర్లాండ్ పిన్ని

వద్దమ్మా. ఆర్డర్ పెట్టి ఉంటే ఇప్పుడే క్యాన్సిల్ చేసెయ్.

మాకు ఇది సొంత గడ్డి, మీకు బయటి నుంచి వచ్చి ఆక్రమించేది. మీ వాషింగ్టన్ రాష్ట్రంలో స్పార్టినా రకాలు నాలుగు క్లాస్ ఏ కలుపు జాబితాలో ఉన్నాయి, పేటెన్స్ అందులో ఒకటి. అంటే కనిపిస్తే పూర్తిగా తీసేయాల్సిందే, పెంచడమన్న మాటే లేదు. విలాపా బేలో ఆల్టర్నిఫ్లోరా వేల ఎకరాల బురదని కమ్మేస్తే, దాన్ని వదిలించడానికి ఏళ్లు పట్టింది. వలస పక్షులకి మేత దొరికేదీ, ఆల్చిప్పలు పెంచేదీ ఆ ఖాళీ బురదలోనే. ఒరెగాన్‌లో సియూస్‌లా నది ముఖం దగ్గర కాక్స్ ఐలాండ్‌లో పేటెన్సే పాకింది, దాన్ని తీయడానికీ చాలా కష్టపడ్డారు. మీ వైపు ఆల్డర్ ఆకులు బోలెడు దొరుకుతాయి, హాయిగా అవి వాడుకో.

---

పెరటిమడి

పిన్నిగారూ, మీరు చెప్పినట్టే నర్సరీకి ఫోన్ చేశాను. మొదట తీసిన అబ్బాయికి తెలియదు. ఓనరుని పిలిచాడు. ఆవిడ వెంటనే చెప్పారు: మీ కౌంటీ గడ్డేనట, పోయిన అక్టోబరులో కోసింది. వెళ్లి గుప్పెడు లాగి చూశాను, సన్నగా దారాల్లానే ఉంది, లావు పుల్లలేం లేవు. స్ట్రాబెర్రీకీ టమాటాకీ సరిపడా తీసుకున్నాను. బెండ మడికి బీరపాదు గారి ఆకుల పద్ధతి చూస్తాను. ఉప్పు గురించి మా ఆయనకి చెబితే, "సరే, ఆ ల్యాబ్‌కి కూడా పంపు, తేలిపోతుంది" అన్నారు. పంపుతున్నాను.

ఒక్కటే చివరి ప్రశ్న. జూన్ దాకా బేల్స్ ఎక్కడ పెట్టుకోవాలి? డెక్ మీద, గ్రిల్ పక్కన కాస్త చోటుంది.

---

కంబర్లాండ్ పిన్ని

గ్రిల్ పక్కనా! ఎండిన సాల్ట్ హే ఒక్క నిప్పురవ్వకి భగ్గుమంటుంది. షెడ్‌లో పెట్టండి, లేదంటే కంచె వారన రెండు కర్రలు వేసి వాటి మీద పెట్టి పైన టార్ప్ కప్పండి. ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి, మీ ఆయనకి చూపించడానికి నేనూ చదువుతాను.